బయటి గడియ

బొమ్మలక్కకి అనుమానం పుట్టుకతోనే వచ్చిందని వాళ్ళ నాన్న అందరితో అంటూంటాడు. శుద్ధ అబద్ధం. ఆ జబ్బు అంటించింది ఆయనే. ఆయన ఒకప్పుడు ఊరి ధర్మదాతకి నిలువెత్తు విగ్రహం చేశాడు. అనాథాశ్రమం కట్టించిన మహానుభావుడు, మాట్లాడితే రెండు చేతులూ జోడించేవాడు, "నాదేముంది, అంతా మీ దయ" అనేవాడు. ఆయన పోయాక తెలిసింది, ఆశ్రమం పిల్లల నోటి దగ్గర కూడు కూడా ఆయన ఇంటికే చేరేదని. జనం విగ్రహం మెడకి తాళ్ళు కట్టి లాగారు, వీధులన్నీ ఈడ్చారు, తెచ్చి తెచ్చి కార్ఖానా గుమ్మంలోనే పడేసి పోయారు. పోతూ పోతూ కార్ఖానా బోర్డు కూడా విరగ్గొట్టారు. దొంగకి విగ్రహం చేసిన చేతులంటూ ఆ తర్వాత పెద్ద విగ్రహం పనితో ఎవరూ ఆ గడప తొక్కలేదు. నాన్న మట్టి ముట్టుకోవడం మానేశాడు. కూతురు పూలకుండీలూ, బట్టల కొట్లలో నిలబెట్టే బొమ్మలూ చేసి ఇల్లు నడుపుకొస్తోంది.

అదిగో, అప్పటినుంచి ఆవిడకో పద్ధతి ఏర్పడింది. ఎవరి తలకాయ చెయ్యమన్నా సరే, ముందు ఆ మనిషంటే గిట్టనివాళ్ళని ఒకరినైనా వెతికి పట్టుకుని మాట్లాడాలి. ఆ తర్వాతే మట్టి తడపాలి. మెచ్చుకునేవాళ్ళ మాటలు ఎన్ని విన్నా మనిషి కనబడడనీ, గిట్టనివాళ్ళకే ఎదుటి మనిషి నడకా, నిలబడే తీరూ, మూతి విరుపూ అన్నీ గుర్తుంటాయనీ ఆవిడ వాదన. "పెళ్ళి సంబంధానికైనా ఇంత ఆరా తియ్యరే తల్లీ" అని నాన్న దెప్పుతాడు. దెప్పనీ, ఆయనకేం.

ఇన్నాళ్ళకి మళ్ళీ ఓ పెద్ద పని వచ్చింది. ఆసుపత్రి ముందు పెట్టడానికి కాలం చేసిన డాక్టరమ్మ విగ్రహం, ముందు మట్టితో చేసి ఆ తర్వాత కంచులో పోత పొయ్యాలి. డాక్టరమ్మ సంగతి ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. వెనకటి రోజుల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే మాయదారి జ్వరం వచ్చినప్పుడు తక్కిన డాక్టర్లంతా మూటాముల్లే సర్దుకుని ఉడాయిస్తే, అప్పుడే ఉద్యోగంలో చేరిన ఈవిడ ఒక్కతే పిల్లల వార్డులోకి వెళ్ళి, ఆ జ్వరం ఊరు వదిలేదాకా బయటికి రాలేదు. బడి పుస్తకంలో పాఠం కూడా ఉంది. బొమ్మలక్క చిన్నప్పుడు బట్టీ పట్టి అప్పజెప్పినదే.

విగ్రహం కమిటీ అధ్యక్షుడు స్వయంగా కార్ఖానాకి వచ్చాడు. బడి పెద్ద పంతులుగా చేసి దిగిపోయిన మనిషి. గంజి పెట్టిన చొక్కా, గంజి పెట్టిన మాట.

"తల ఎత్తి ఉండాలమ్మా. చెయ్యి పిల్లాడి నుదుటి మీద ఉండాలి. కళ్ళల్లో భయమనేది మచ్చుకైనా కనిపించకూడదు. అది మాత్రం నాకు ఖాయంగా కావాలి" అన్నాడు.

"అస్సలు భయపడేదే కాదా సార్ ఆవిడ?"

"భయమా? డాక్టరమ్మకా?" అని నవ్వాడాయన. "ఇంకో సంగతి చెప్పనా? ఎక్కడ సన్మానం చేసినా లేచి నిలబడి, నేను ఉత్త పిరికిదాన్నండీ అనేది. సభ సభంతా కళ్ళు తుడుచుకునేది. అంత ధైర్యం చేసి అంత వినయం! ఈ రోజుల్లో ఎవరికుందమ్మా?"

వినయం అనే మాట చెవిన పడగానే బొమ్మలక్కకి ధర్మదాత జోడించిన చేతులు కళ్ళముందు ఆడాయి. 'ఇదీ ఆ బాపతేనా కొంపదీసి' అనుకుంది.

"సార్, ఆవిడంటే గిట్టనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అధ్యక్షుడి మొహం మాడిపోయింది. "అలాంటివాళ్ళు ఈ ఊళ్ళో పుట్టలేదు" అని లేచాడు. గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇంకెవరినీ ఏమీ అడక్కమ్మా. పుస్తకంలో ఉన్నది చాలు" అన్నాడు.

అడగొద్దన్నాక అడక్కుండా ఉండటానికి ఆవిడేమైనా మామూలు మనిషా? ఆ రోజు నుంచి ఊరి మీద పడింది. మందుల కొట్టతన్ని అడిగింది. రిటైరైన నర్సునడిగింది. క్షౌరశాల ముసలాయన్ని అడిగింది. అందరూ చెప్పేది ఒకటే. దేవత, తల్లి, చల్లని చెయ్యి. మాటకి మాట పాఠంలో ఉన్నట్టే. ఇంతమంది నోట ఒకే మాట పలుకుతోందంటే ఎవరో నేర్పిన మాటే అయ్యుండాలని ఆవిడకి గట్టిగా తోచింది.

మొహం చూసుకుందామని ఆసుపత్రి హాల్లోకి వెళ్తే అక్కడ మరో తిరకాసు. గోడ నిండా పాత ఫొటోలు, శంకుస్థాపనలూ సన్మానాలూ. ఒక్కదాంట్లోనూ డాక్టరమ్మ సూటిగా లేదు. ప్రతి ఫొటోలోనూ అటు పక్కకి తిరిగే ఉంది. "ఫొటో అంటే మహా మొహమాటమండీ ఆవిడకి. ఎంత నిగర్వో!" అన్నాడు వెంట వచ్చిన కాపలాదారు. ఒకసారంటే మొహమాటం, రెండుసార్లంటే మొహమాటం. జీవితమంతా మొహం తప్పించిన మనిషిది మొహమాటం కాదు, దాపరికం అనుకుంది బొమ్మలక్క.

"ఆ పాత వార్డు ఒకసారి చూపిస్తావా అన్నా?"

వార్డు ఇప్పుడు విరిగిన మంచాల కొట్టు అయిపోయింది. పొడుగాటి గది, ఒకటే తలుపు, ఎత్తున ఇనప చువ్వల కిటికీ. కాపలాదారు తలుపు తీస్తుంటే ఆవిడ చూపు గడియ మీద పడింది. గడియ బయటివైపు ఉంది. బొటనవేలంత లావు. లోపలికి వెళ్ళి తలుపు వెనక చూసింది. లోపలివైపు గడియే లేదు. పైగా రంగు కింద చెక్క అక్కడక్కడా లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆవిడ ఆ గుంటల మీద చేత్తో తడిమింది. మట్టి పిసికే చేతికి తెలియని గుంటలా అవి? ఎవరో కసికొద్దీ, పదేపదే కొట్టిన దెబ్బలు.

"ఇవేంటన్నా?"

కాపలాదారు గొంతు తగ్గించాడు. "అదా... తలుపేసిన దాని పాపమండీ. అప్పట్లో ఇక్కడ లాండ్రీలో ఓ ఆడమనిషి ఉండేదట. జ్వరం తనకెక్కడ అంటుకుంటుందో అని డాక్టరమ్మని లోపల పెట్టి బయట గడియ పెట్టేసిందట, రాక్షసి. డాక్టరమ్మ తలుపు బాదుతూ అరుస్తుంటే గేటు బయట జనం విన్నారట. అయినా చూడండి ఆ తల్లి మంచితనం! బయటికొచ్చాక, దాని తప్పేం లేదు, నేనే వెయ్యమన్నాను అని చెప్పుకొచ్చింది. తన మీదేసుకుందన్నమాట."

"ఆ లాండ్రీ ఆవిడ పోయిందా?"

"ఎక్కడ పోతుందండీ, అలాంటివాళ్ళకి ఆయుష్షెక్కువ. బస్టాండు వెనక కూతురి ఇస్త్రీ కొట్లో ఉంటుంది."

బొమ్మలక్క ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా నాన్న ఎదుట కూలబడింది.

"నాన్నా, ఆవిడ ఉండిపోలేదు. ఉంచేశారు. బయట గడియ పెడితే ఎవరైనా ఉంటారు. పిల్లలకోసం ఆగిపోయిన మనిషి తలుపెందుకు బాదుతుంది? మళ్ళీ గడియ పెట్టినదాన్ని వెనకేసుకురావడమేంటి? వాళ్ళిద్దరి మధ్యా ఏదో లాలూచీ ఉంది."

నాన్న మొహం పాలిపోయింది. "వద్దని చెప్పెయ్యమ్మా. చేతకాదని చెప్పు, ఒంట్లో బాలేదని చెప్పు. ఇంకొక్కసారి మన గుమ్మంలోకి తాళ్ళు కట్టిన విగ్రహం వస్తే చూసే ఓపిక నాకు లేదు."

ఈ పని వదిలేస్తే కార్ఖానా బతుకంతా పూలకుండీలే. చేశాక గుట్టు రట్టయితే అవి కూడా కొనేవాడుండడు. 'గిట్టని మనిషి దొరికింది కదా, అడిగేద్దాం. ఆ తర్వాతే ఏదైనా' అనుకుంది.

మర్నాడు రెండు చొక్కాలు చంకన పెట్టుకుని ఇస్త్రీ కొట్టుకి వెళ్ళింది. రేకుల పంచన కూతురు ఇస్త్రీ చేస్తోంది. బల్ల పక్కన ముసలమ్మ కూర్చుని దుప్పట్లు మడత పెడుతోంది. ఎముకల గూడులా ఉంది గానీ మడత మాత్రం గీత గీసినట్టుంది.

"పెద్దమ్మా, డాక్టరమ్మ గురించి నాలుగు మాటలు..."

"చొక్కాలిచ్చి పో."

"విగ్రహం చేస్తున్నాను. అందుకని..."

"చేసుకో. పూలదండలెయ్యండి. నా దగ్గరకెందుకు?" అని ముసలమ్మ ఇంకో దుప్పటి దులిపింది. "నాకు ఆవిడంటే పడదు. అదేగా వినాలని వచ్చావు?"

"అవును" అంది బొమ్మలక్క. "అచ్చంగా అదే వినాలని వచ్చాను."

ముసలమ్మ చేతులు ఆగిపోయాయి. అప్పుడు తలెత్తి చూసింది. ఇంతకాలంలో ఆ మాటకి అవునన్నవాళ్ళు లేరు కాబోలు. బల్ల కిందనుంచి ఓ స్టూలు కాలితో ఇవతలికి తోసింది.

"పడదు. ఎందుకు పడాలి? నన్ను రాక్షసిని చేసి తను దేవతైపోయింది. నేనప్పుడు కుర్రదాన్ని. మొదటిరోజు ఆవిడ వార్డులోకెళ్ళి సాయంత్రానికల్లా లాండ్రీ గదిలోకి పరిగెత్తుకొచ్చింది. ఒణుకు, ఇంతింత ఒణుకు. బీరువా పట్టుకుని నిలబడింది, ఆ బీరువా కూడా ఒణికింది. నేనుండలేను, పొద్దున్నే ఊరెళ్ళిపోతాను, మా అమ్మ దగ్గరకెళ్ళిపోతాను అని ఒకటే ఏడుపు. నేను సరే వెళ్ళమన్నాను. నాకేం పోయింది? అందరూ వెళ్ళినవాళ్ళేగా."

"మరి?"

"కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఇదిగో చూడు, నన్ను నేను నమ్మను. పగలు బాగానే ఉంటాను, చీకటి పడితే మనిషిని కాను, పారిపోతాను. నేను పోతే లోపలున్న పిల్లలకి ఎవరూ లేరు. నన్ను లోపలికి పంపి బయట గడియ పెట్టు. నేనెంత అరిచినా తియ్యకు. బతిమాలినా తియ్యకు, తిట్టినా తియ్యకు. ఒట్టు వేయించుకుంది నా చేత."

కూతురు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఇటు తిరిగింది.

"మందులూ దుప్పట్లూ కిటికీలోంచి అందించేదాన్ని. పగలు చక్కగా మాట్లాడేది. పొద్దు వాలితే మొదలు. ఎన్ని తిట్లు తిట్టిందో! ఒసేయ్, నన్ను చంపుతున్నావే, నీ కడుపు కాలా, తియ్యవే అనేది. మళ్ళీ అంతలోనే, తల్లీ నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి తియ్యమ్మా అనేది. నేను ఇవతల తలుపుకి వీపు ఆనించి చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. అడగదలుచుకుంటే ఇంకెవరినైనా అడక్కూడదూ? నన్నే ఎందుకు అడగాలి? ఆ అరుపులు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి. అందుకే పడదు."

బొమ్మలక్క మనసులో అనుమానం అంత తేలిగ్గా చచ్చేది కాదు. బాగా అల్లిన కథే, తన మచ్చ తుడుచుకోవడానికి ఇంతకంటే మంచి కథ ఎవరైనా చెప్పగలరా అనుకుంది. "కోపగించుకోకు పెద్దమ్మా. ఆవిడే వెయ్యమందని రుజువేంటి?" అంది.

ముసలమ్మ కోపగించుకోలేదు. నవ్వింది, పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది.

"ఇంకేం రుజువు కావాలే? ప్రతి సభలో ఆవిడే చెప్పిందిగా! నేను పిరికిదాన్నండీ, పారిపోబోయానండీ, గడియ నేనే పెట్టమన్నానండీ అని గొంతు చించుకుని చెప్పింది. ఎంత చెబితే అంత చప్పట్లు. ఆహా ఎంత వినయం, ఓహో ఎంత వినయం! అబద్ధం చెప్పుంటే నమ్మేవాళ్ళేమో వెధవలు. నన్ను పనిలోంచి తీసేస్తే ఆఫీసులన్నీ తిరిగి మొత్తుకుంది, ఎవడూ వినలా. ఫొటో తీస్తామంటే నన్ను పక్కన నిలబెట్టమనేది. వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. అయితే నా మొహం మీకెందుకని అటు తిరిగిపోయేది."

బొమ్మలక్క గతుక్కుమంది. ఆ మాట తనూ విన్నదే. అధ్యక్షుడు చెప్పినప్పుడు విన్నది, కాపలాదారు చెప్పినప్పుడు విన్నది. ఊరంతా దాన్ని వినయం అనుకుంటే, తను నటన అనుకుంది. డాక్టరమ్మ నిజమే చెబుతోందేమోనన్న ఆలోచన ఊళ్ళో వాళ్ళకీ రాలేదు, ఇంత అనుమానం మనిషి తనకీ రాలేదు. ఊరిని ఎన్ని మాటలనుకుందో, ఇప్పుడు అవన్నీ తనకీ తగిలాయి.

"అంత భయం పెట్టుకుని లోపలికెలా వెళ్ళింది పెద్దమ్మా?" అని మాత్రం అడగగలిగింది.

"భయం తగ్గాక వెళ్దామనుకుంటే ఇప్పటికీ వెళ్ళేది కాదు" అని ముసలమ్మ చొక్కాలు లాక్కుంది. "ఇటివ్వు. సాయంత్రం రా."

కార్ఖానాకి రాగానే బొమ్మలక్క మట్టి తడిపింది. అధ్యక్షుడు అడిగినట్టు ఎత్తిన తలా, నుదుటి మీద చెయ్యీ చేసిస్తే గొడవే లేదు. అందరూ దండలేస్తారు, కార్ఖానాకి మళ్ళీ బోర్డు కట్టుకోవచ్చు. కానీ అది చేస్తే డాక్టరమ్మ చెప్పిన మాట మీద తను కూడా మట్టి కప్పినట్టే. 'ధర్మదాతది చేసినప్పుడు నాన్నకి నిజం తెలియదు. నాకు తెలుసు. తెలిసి చేస్తే ఇక నాకూ ఆ దొంగకీ తేడా ఏముంది' అనుకుంది. మట్టికి ఆసరాగా ఇనప చట్రం ఇద్దరు మనుషులకి సరిపడా కట్టింది. మధ్యన తలుపు. అటు డాక్టరమ్మ, పిడికిళ్ళతో బాదుతూ. ఇటు తలుపుకి వీపు ఆనించి ఓ కుర్రపిల్ల.

నాన్న రోజూ వచ్చి చూసేవాడు. ఓ రోజు, "తాళ్ళు కడతారే" అన్నాడు.

"కట్టనీ నాన్నా. ఈసారి మనం దొంగకి చెయ్యలేదు."

సాయంత్రం మట్టి ఆరిపోకుండా ఆవిడ తడి గోనె కప్పుతుంటే రెండో కొస నాన్నే వచ్చి పట్టుకున్నాడు.

కుర్రపిల్ల భుజాలు కుదరక బొమ్మలక్క ఓ మధ్యాహ్నం ముసలమ్మని రిక్షాలో తీసుకొచ్చింది. పాత తలుపు ఒకటి గోడకి ఆనించి ఉంచితే, ముసలమ్మ "ఏం పిచ్చి ఇది" అని గొణుక్కుంటూనే దాని ముందు నేల మీద కూర్చుని వీపు ఆనించింది. సరిగ్గా ఆ సమయంలోనే అధ్యక్షుడు లోపలికి వచ్చాడు. ఎవరో చెవిలో ఊదినట్టున్నారు, మొహం జేవురించి ఉంది. ముసలమ్మ వంకైనా చూడలేదు. నేరుగా మట్టి బొమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఏంటమ్మా ఇది? ఏంటీ అన్యాయం? నేనేం చెప్పాను, నువ్వేం చేశావు? డాక్టరమ్మని బాదుతూ చూపిస్తావా? పక్కన ఆ గడియ పెట్టినదాన్ని నిలబెడతావా? ఊరు తగలబెడుతుంది నీ కార్ఖానాని!"

"నిజమే చేశాను సార్."

"ఏం నిజం? నీకేం తెలుసు నిజం? ఇలా పిడికిళ్ళతో బాదిందా ఆవిడ? చేతులు పైకెత్తను కూడా ఎత్తలేదు. భుజంతో గుద్దింది, పక్కకి తిరిగి భుజంతో..."

ఆయన నోరు అక్కడే ఆగిపోయింది.

బొమ్మలక్క చేతిలో చెక్కపుల్ల కింద పెట్టింది. "మీకెలా తెలుసు సార్?"

అధ్యక్షుడు తలుపు వంక చూశాడు, తలుపు ముందు కూర్చున్న ముసలమ్మని అప్పుడు చూశాడు.

"ఆ వార్డులో తలుపు పక్క మంచం నాదే" అన్నాడు చివరికి. "జ్వరంతో పడి ఉన్నాను. అంతా చూస్తూనే ఉన్నాను. మమ్మల్ని వదిలేసి పోవాలని ఆవిడ అంతలా ఏడుస్తుంటే... అది ఎవరితోనైనా చెప్పుకునే మాటేనా? అందుకే చెప్పలేదు. గుద్ది గుద్ది అలిసిపోయేది. ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని వెనక్కి వచ్చేది. నా దగ్గరికే ముందు వచ్చేది. మందు పోస్తుంటే చెయ్యి ఒణికి సగం నా మెడ మీద పడేది."

నాన్న మూలనుంచి లేచి నిలబడ్డాడు.

అధ్యక్షుడు ముసలమ్మ దగ్గరికి రెండడుగులు వేశాడు. ఆయన గొంతులో ఇప్పుడు గంజి లేదు. "నువ్వెందుకు తియ్యలేదు? ఒక్కసారైనా తియ్యలేదెందుకు? అంత పెద్ద డాక్టరు అంతగా ఏడుస్తుంటే నీకు జాలెయ్యలేదా?"

ముసలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"వెయ్యక? ఎన్నోసార్లు గడియ మీద చెయ్యేశాను నాయనా. ఆవిడ ఏడుపు వింటే తీసెయ్యాలనిపించేది. అంతలో వెనకాల మీ ఏడుపు వినబడేది, పిల్లలది. అది విని చెయ్యి తీసేసేదాన్ని."

అధ్యక్షుడు మెల్లిగా వంగి, ముసలమ్మ పక్కనే ఆ తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. చొక్కాకి మట్టి అంటుకుంటున్న ధ్యాస కూడా ఆయనకి లేదు.

"భుజంతో చెయ్యమ్మా" అన్నాడు బొమ్మలక్కతో. "పక్కకి తిరిగి, భుజంతో. ఏడుస్తూ ఉండాలి."